మూత ఉన్న సూది

పటమటలో సుబ్బరత్నం ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. సూదుల సుబ్బరత్నమ్మ అనండి, పండ్ల బండి అతను కూడా బేరం ఆపి మరీ దారి చూపిస్తాడు. డాక్టర్ సుస్మిత క్లినిక్కుకు వచ్చేవాళ్ళలో సగం మందికి డాక్టరమ్మ ఏ మందు రాసిందో పట్టదు. ఇంజెక్షన్ అనగానే "ఆవిడున్నారా?" అంటారు. లేదంటే సాయంత్రం వస్తామని చెప్పి చక్కా పోతారు. మన జనానికి సూది పడితే గానీ జబ్బు తగ్గినట్టుండదు, ఆ సూది సుబ్బరత్నం వేస్తే గానీ పడినట్టుండదు.

ఆ పేరు ఆవిడకు ఊరికే రాలేదు. వయసులో ఉన్నప్పుడు గవర్నర్‌పేటలో ఓ చిన్న నర్సింగ్ హోంలో ఆయాగా చేరింది. గాజు సిరంజీలను స్టీలు గిన్నెలో వేసి స్టవ్వు మీద ఉడకబెట్టడం, మొద్దుబారిన సూదులను సానరాయి మీద రుద్ది పదును పెట్టడం అప్పట్లో ఆవిడ పని. ఒక్కో సూది ఎంతమంది ఒంట్లో దిగి వచ్చేదో తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకు ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత పట్టుబట్టి ఏఎన్ఎం నర్సు కోర్సు చదివింది. వాడి పారేసే సూదులు వచ్చాయి. కవరు చించి కొత్త సూది బయటికి తీసినప్పుడల్లా ఆవిడకు కొత్త బట్ట విప్పినంత సంబరంగా ఉండేది.

"డబ్బాలో చేతికేది తగిలితే అది తీసి పొడవడం కాదే," అని క్లినిక్కులో కొత్తగా చేరిన నర్సు క్రిస్టినాకు చెబుతుండేది. "మందు చిక్కనా పలచనా చూడు. చేతికా తుంటికా చూడు. మనిషి ఒంటి మీద కండ ఉందా, ఉత్త ఎముకా చూడు. అప్పుడు తియ్యి సూది. నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. ఆ మొదట్లో గులాబీ రంగు ప్లాస్టిక్కు ఉంది చూశావా, అది లావు సూది, సీసాలోంచి మందు లాగడానికి. మనుషులకు పొడిచేది కాదది. భుజానికి నీలం రంగుది చాలు. బాగా ఒళ్ళున్న మనిషికి తుంటిలో వేయాలంటే పొడుగాటి ఆకుపచ్చది తియ్యి. పొట్టిదైతే మందు కండ దాకా పోదు, కొవ్వులోనే ఉండిపోయి గడ్డ కడుతుంది."

క్రిస్టినా తల ఊపేది. ఆ పిల్ల నెమ్మదస్తురాలు, తిట్టినా ఎదురు చెప్పదు. తిట్లు కూడా బాగానే పడ్డాయి పాపం. ఓసారి ఇంజెక్షన్ చేసి, సూదికి మళ్ళీ మూత పెట్టబోయింది. సుబ్బరత్నం గయ్యిమని లేచింది.

"వాడిన సూదికి మూత పెడతావా? ఆ మూత పట్టుకున్న వేలికే ముందు దిగుతుంది. కత్తిరించే మిషను ఉంది, తెల్ల డబ్బా ఉంది. చేతిలో సూది అటు నుంచి అటే అందులోకి పోవాలి. మధ్యలో ఎక్కడా ఆగకూడదు, ఎవరి చేతికీ పోకూడదు. ఇంకోసారి చూశానంటే ఊరుకోను."

రోగుల ముందే అనేసింది. సుబ్బరత్నం నోరు అలాంటిది. అందులో తప్పేం లేదు గానీ, ఆ మాటలు తనకు కూడా వర్తిస్తాయన్న సంగతి ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు. తన చేతి మీద తనకంత ధీమా.

ఇంజెక్షన్ గదికి సందులోకి ఓ కిటికీ ఉంది. దాని ఎదురుగానే కాశిం టైలరింగ్ కొట్టు. కాశిం బట్టలు కుట్టడంతో పాటు కుట్టుమిషన్లు కూడా బాగుచేస్తాడు. మిషను లోపలి సందుల్లోకి నూనె దిగాలంటే డబ్బా మూతితో కుదరదు, సిరంజికి లావు సూది తగిలించి చుక్క చుక్కగా వేయాలి. బెజవాడలో ఏ మిషను మెకానిక్కు సంచి విప్పినా అందులో ఓ సిరంజి ఉంటుంది.

చాలా కాలం కిందట కాశిం ఆ సిరంజి కోసం క్లినిక్కు చెత్తబుట్టలో చెయ్యి పెట్టబోయాడు. "పారేసేదే కదా చెల్లెమ్మా" అన్నాడు. సుబ్బరత్నం ఆ చెయ్యి మీద ఒక్కటేసింది. ఆ రోజు నుంచి ఆయనకు కావలసినప్పుడల్లా తనే కొత్తది ఇస్తోంది. కవరు చించి, గులాబీ రంగు సూదిని సిరంజికి గట్టిగా బిగించి, మూతతో కిటికీ గట్టు మీద పెడుతుంది. ఆయన సందులోంచి చెయ్యి చాపి తీసుకుపోతాడు.

"మూత ఉంటే కొత్తది. మూత లేని సూది కనపడితే, బంగారందైనా సరే, ముట్టుకోకండి" అని అప్పుడే చెప్పింది. కాశిం ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా పాటిస్తూ వచ్చాడు.

ఆయన కూడా ఆవిడ రోగే. అరికాళ్ళ తిమ్మిర్లకు నెలకోసారి విటమిన్ ఇంజెక్షన్ వేయించుకుంటాడు. ఆవిడ సూది తియ్యగానే మొహం గోడ వైపు తిప్పుకుని, బియ్యం కొట్టు వాళ్ళిచ్చిన క్యాలెండర్లో తారీఖులు పైకి చదువుతాడు. భయమా అని క్రిస్టినా నవ్వితే, "భయం కాదమ్మా, మా చెల్లెలు ఉండగా నేను చూడ్డం ఎందుకు?" అనేవాడు. ఆ మాట వింటే సుబ్బరత్నానికి కడుపు నిండినట్టుండేది.

ఆ మంగళవారం పొద్దున కాశిం కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఉయ్యూరు పోవాలి చెల్లెమ్మా. అక్కడ టైలరింగ్ సెంటర్లో మిషన్లన్నీ మొరాయించాయంట. సూది పెట్టి ఉంచు, పోయేటప్పుడు తీసుకెళ్తా" అన్నాడు. సుబ్బరత్నం సరేనంది. గులాబీ రంగు సూది బిగించిన కొత్త సిరంజి సొరుగులో సిద్ధం చేసింది. గట్టు మీద పెట్టేలోపు రోగులు వచ్చేశారు.

ఆ రోజే అన్నీ కూడబలుక్కున్నట్టు అయ్యాయి. సూదులు కత్తిరించే మిషను ముందు రోజే పాడైంది. తెల్ల డబ్బాలో సూదులు గీత దాకా నిండితే, దాన్ని సీలు చేసి కొత్తది తెస్తానని క్రిస్టినా లోపలి గదికి తీసుకుపోయింది. డబ్బా చేతికి అందే దూరంలో లేనప్పుడు సూది తియ్యకూడదు. ఆ సంగతి సుబ్బరత్నానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ బయట బెంచీ నిండా జనం, ఎదురుగా చొక్కా విప్పి నిలబడ్డ ముసలాయన. ఎంతసేపులే అనుకుంది.

ఆయన కంకిపాడు వైపు రైతు, పేరు వెంకటప్పయ్య. రక్తంలో హెపటైటిస్ బి ఉంది, అది లివరుకు పట్టింది. ఆ సంగతి ఫైల్లోనే ఉంది. "పడుకోండి నాన్నగారూ" అంది సుబ్బరత్నం. "ఈ మాత్రానికి పడుకోవడం ఏంటమ్మా, నిలబడే వేయించుకుంటా" అన్నాడాయన. భుజం చూస్తే కండ తక్కువ. నీలం రంగు సూది తీసుకుంది. నొప్పి తెలియకుండా వేసి, దూది అదిమి పెట్టింది.

"అయిపోయిందా?" అన్నాడు వెంకటప్పయ్య. అని, కళ్ళు తేలేసి ముందుకు ఒరిగిపోయాడు.

ఆవిడ కుడి చేతిలో వాడిన సూది ఉంది. మీద పడుతున్న మనిషిని ఆపాలంటే రెండు చేతులూ కావాలి. తెల్ల డబ్బా లేదు. ట్రేలో మూత కనపడింది. ఆవిడ ఆలోచించలేదు, చెయ్యే ఆ పని చేసేసింది. సూదికి మూత తగిలించి, చేతికి దగ్గరగా ఉన్న కిటికీ గట్టు మీద పడేసి, ఆయన్ను రెండు చంకల కిందా పట్టుకుంది. ఆవిడ కేక విని క్రిస్టినా పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఆయన్ను పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తిపెట్టారు. డాక్టరమ్మ వచ్చి బీపీ చూసింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, సిగ్గుపడుతూ మంచినీళ్ళడిగాడు.

గది సర్దుకుని, మిగతా వాళ్ళను చూసి పంపాక సుబ్బరత్నానికి కాశిం గుర్తొచ్చాడు. సొరుగులోంచి సిరంజి తీసి కిటికీ దగ్గరికి నడిచింది. గట్టు మీద పెట్టబోయి ఆగిపోయింది.

గట్టు ఖాళీగా ఉంది.

తన చేతిలో ఉన్నది గులాబీ రంగుది. మరి ఇందాక ఇక్కడ పెట్టింది?

"క్రిస్టినా, ఇక్కడ ఉన్న సిరంజి నువ్వు తీశావా?"

"లేదండి. టైలర్ గారు తీసుకుంటుంటే చూశా. ఆయనకి పెట్టిందే కదా?"

సుబ్బరత్నం బల్ల పట్టుకుంది. "అది వెంకటప్పయ్య గారికి వేసింది. నేను దానికి మూత పెట్టానే."

క్రిస్టినా తల దించుకుంది. "అది గులాబీది కాదు, నీలం రంగుదని చూశానండి."

"చూసి ఊరుకున్నావా?"

"మీకు చెప్పేంత దాన్నా అనుకున్నా."

కిటికీలోంచి చూస్తే కొట్లో కాశిం మిషను ముందు ఆయన భార్య సయీదా ఒక్కతే కూర్చుని కాజాలు కుడుతోంది. సుబ్బరత్నం చెప్పులు కూడా వేసుకోకుండా సందు దాటింది.

"భాయ్ ఏరమ్మా?"

"ఇందాకే బస్సెక్కారు. ఫోను నా దగ్గరే పెట్టి పోయారు, గిరాకీలు చేస్తారని. ఏమైంది?"

"ఏం లేదు. సూది మారింది. వేరేది తీసుకుపోయారు."

"దానికింత కంగారెందుకు? ఏదైతే ఏముంది, నూనె వేసుకోడానికేగా" అని సయీదా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నిజం చెప్పడానికి సుబ్బరత్నానికి ధైర్యం చాలలేదు. సెంటర్ నడిపే రామతులసి నంబరు అడిగి తీసుకుని, అక్కడే నిలబడి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

డాక్టర్ సుస్మితకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీరా?" అంది. ఆ ఒక్క మాటకే సుబ్బరత్నం సగం చచ్చిపోయింది.

"ముందు మనిషిని తీసుకురండి. గుచ్చుకోకపోతే అదృష్టం. గుచ్చుకుని ఉంటే రోజు తిరక్కుండా మందు పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది. నేను మందు తెప్పించి ఉంచుతా. మిగతావి తర్వాత మాట్లాడదాం."

గట్టి మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఓ ఫోర్సెప్స్, సబ్బు సంచిలో వేసుకుని సుబ్బరత్నం బందరు రోడ్డు మీదికి వచ్చింది. దొరికిన బస్సు ఎక్కింది.

కూర్చున్నదన్న మాటే గానీ ఒళ్ళు సీటు మీద ఆనలేదు. ఆవిడకు కాశిం పని చేసే తీరు తెలుసు, అదే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. ఆయన రెండు చేతులూ మిషను మీదే ఉంటాయి. సూది మూత పళ్ళతో లాగుతాడు. సూదిని పెదాల మధ్య పట్టుకుని మాట్లాడతాడు. దర్జీ వేలికి సూది గుచ్చుకుంటే ఏం చేస్తాడు? వేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తాడు. ఏళ్ళ తరబడి కిటికీలోంచి చూస్తోంది ఆవిడ, ఒక్కసారి కూడా ఇంకోలా చేయగా చూడలేదు.

పోరంకి దాటేసరికి ఓ ఆశ పుట్టింది. అది నీలం రంగు సూది. ఆయనెప్పుడూ గులాబీదే వాడాడు. ఇదేంటి, సన్నగా ఉందే అని పక్కన పెట్టేస్తాడేమో. మిషను నూనె అంత సన్నటి సూదిలోంచి రాదు కూడా. రాకపోతే ఊరుకుంటాడా? ఊరుకోడు. పీకుతాడు. సూది సిరంజి నుంచి ఊడాలంటే వేళ్ళతో పట్టి లాగాలి. ఆశ పుట్టినంత సేపు పట్టలేదు చావడానికి.

రామతులసికి మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది.

అప్పుడొచ్చింది ఆవిడకు ఇంకో ఆలోచన. ఎవరికీ చెప్పకుండా బస్సులో పక్క సీట్లో వచ్చి కూర్చున్నట్టే వచ్చింది. అసలు నిజం చెప్పాల్సిన పనేముంది? 'మిషన్ల దగ్గర తుప్పు సూదులుంటాయి కాశిం భాయ్, రండి ఓ ఇంజెక్షన్ వేస్తా' అంటే కిమ్మనకుండా వస్తాడు. మందు పడుతుంది. క్యాలెండర్ చూస్తూ తారీఖులు చదువుకుంటాడు. ఏం వేశావని కూడా అడగడు. సయీదాకు తెలియదు, సందులో తెలియదు. సూదుల సుబ్బరత్నమ్మ సూదుల సుబ్బరత్నమ్మగానే ఉంటుంది. డాక్టరమ్మను బతిమాలుకుంటే సరి.

కంకిపాడు వచ్చేదాకా ఆ అబద్ధాన్ని లోపల్లోపల చెప్పుకుంటూనే ఉంది. ఎంత బాగా కుదిరిందంటే, చెప్పొద్దూ, ఆవిడకే భయం వేసింది.

కంకిపాడు దాటాక బస్సు నత్తనడక పట్టింది. ముందు చెరుకు ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి, ఫ్యాక్టరీకి పోతున్నాయి. రోడ్డుకు అడ్డంగా గడలు వేలాడుతున్నాయి, దాటడానికి సందు లేదు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి ఊరుకున్నాడు. సుబ్బరత్నం లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. "ఆసుపత్రి కేసా అమ్మా?" అని కండక్టరు జాలిగా అడిగాడు. అవునని తల ఊపింది. ఉయ్యూరు ఊళ్ళోకి రాకముందే దిగి ఆటో మాట్లాడుకుంది. సందుల్లోంచి పొమ్మంది.

టైలరింగ్ సెంటర్ ఓ రేకుల షెడ్డు. లోపల ఆడపిల్లలు కుట్టుకుంటున్నారు, మిషన్ల రొదలో ఫోను కాదు గదా పిడుగు పడినా వినపడదు. చివరి వరసలో కాశిం ఓ మిషను తలకిందులు చేసి, దాని మీదికి వంగి ఉన్నాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఇంత దూరం వచ్చావ్?" అన్నాడు తలెత్తి. మొహం విప్పారింది.

"సిరంజి ఏదీ?"

"ఇదిగో." చేతిలోనే ఉంది. నిండా నూనె ఉంది. చివర సూది లేదు.

"దాని సూదేది?"

కాశిం చొక్కా జేబు అంచు చూపించాడు. జేబు మీద దర్జీ సూదుల పక్కన ఆ నీలం రంగు సూది కూడా గుచ్చి ఉంది. "ఈసారి సన్నటిది పెట్టావేంటమ్మా? నూనె ఎక్కితే ఒట్టు. పీకేసి ఉత్త సిరంజితో కానిస్తున్నా. సూది కొత్తదే కదా, పూసలు కుట్టడానికైనా పనికొస్తుందని ఉంచా."

"దేంతో పీకారు?"

"చేత్తోనే."

"గుచ్చుకుందా?"

"ఓస్, దానికే పరిగెత్తుకొచ్చావా? ఇదిగో, బొటనవేలికి. చీమ కుట్టినట్టు."

"నోట్లో పెట్టుకున్నారా?"

ఆయన నవ్వాడు. "మరింకెక్కడ పెట్టుకుంటా?"

సుబ్బరత్నం కదలొద్దని చెప్పి, ఫోర్సెప్స్‌తో ఆ సూదిని జేబు నుంచి లాగి డబ్బాలో వేసి, సిరంజి కూడా అందులోనే పడేసి మూత బిగించింది. ఆయన్ను కుళాయి దగ్గరికి తీసుకుపోయి, సబ్బుతో బొటనవేలు కడిగించింది. నీళ్ళు ధారగా పోనిచ్చింది. ఆయన అలవాటు కొద్దీ వేలు నొక్కబోతే వద్దంది. నోరు పుక్కిలించమంది. కాశిం చెప్పినవన్నీ చేశాడు. ఎందుకని అడగలేదు. ఇప్పుడు ఆ అబద్ధం చెప్పినా ఇలాగే నమ్ముతాడు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

ఆ నమ్మకమే కదా ఆయన కొంప ముంచింది. మళ్ళీ దాని మీదే ఇంకో రాయి ఎలా వెయ్యను అనిపించింది ఆవిడకు.

"కాశిం భాయ్, అది కొత్త సూది కాదు."

"మూత ఉందిగా."

"ఉంది. నేనే పెట్టాను. ఓ మనిషికి వేసిన సూదికి నేనే మూత పెట్టి గట్టు మీద పడేశా. తర్వాత మర్చిపోయా."

కాశిం చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. కడిగిన వేలు, మచ్చ కూడా కనపడటం లేదు.

"ఆ మనిషికి ఏం జబ్బు?"

"లివరు జబ్బు. హెపటైటిస్ బి అంటారు. రక్తంలోంచి అంటుకుంటుంది."

"ఎవరు?"

"అది చెప్పకూడదు భాయ్. మీ సంగతి కూడా ఎవరికీ చెప్పను."

"అంటుకున్నట్టేనా నాకు?"

"తప్పకుండా అంటుకుంటుందని కాదు. అంటుకోదనీ చెప్పలేను. ఆపే మందుంది. ఇవాళే పడాలి. ఆ తర్వాత టీకాలున్నాయి, మధ్య మధ్య రక్తం చూడాలి. అన్నీ నేను దగ్గరుండి చేయిస్తా." అక్కడిదాకా నర్సులా మాట్లాడింది. "నాది తప్పు భాయ్. నన్ను తిట్టండి."

ఆయన తిట్టలేదు. తిడితే బావుండేది. షెడ్డు బయట అరుగు మీద కూర్చుని, చాలాసేపు రోడ్డు మీద పోయే చెరుకు బళ్ళు చూశాడు. రామతులసి ఏమైందోనని వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, మంచినీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది.

"సయీదాకి చెప్పావా?"

"లేదు. ధైర్యం చాలలేదు."

"నువ్వే చెప్పాలి. నేను చెప్తే నిన్ను వెనకేసుకొస్తున్నా అనుకుంటుంది." కాశిం లేచాడు. "పద."

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పెనమలూరు దగ్గర సుబ్బరత్నమే అంది, "భాయ్, ఇక మీద ఎవరు సూది తీసినా మొహం తిప్పుకోకండి. కవరు మీ ముందు చించాలి, వాడింది మీ ముందు డబ్బాలో పడాలి. చూసుకోండి. నేనైనా సరే."

ఆయన అలాగేనన్నట్టు తల ఊపాడు.

సయీదాకు కొట్లోనే చెప్పింది, నిలబడి, తల దించుకుని. సయీదా అరవలేదు. కుడుతున్న చొక్కా మడిచి పక్కన పెట్టి, "ఆయన ఎవరి మాటా వినరు. నీ మాట తప్ప" అంది. అంతే. లేచి భర్త వెంట క్లినిక్కుకు నడిచింది, సుబ్బరత్నం వైపు చూడకుండా.

డాక్టర్ సుస్మిత రక్తం తీయించింది. వెంకటప్పయ్యను ఫోన్లో అడిగి, ఒప్పించి, ఆయనకు హెచ్ఐవీ లాంటి మిగతా పరీక్షలు కూడా చేయించింది. వాటిలో ఏమీ బయటపడలేదు. కాశింకు ఆ పూటే రెండు ఇంజెక్షన్లు పడాలి, వెంటనే అడ్డుకునేది ఒకటి, టీకా ఒకటి, వేర్వేరు చోట్ల. ఇంజెక్షన్ గదిలో కొత్త తెల్ల డబ్బా బల్ల అంచునే ఉంది, చెయ్యి చాపితే అందేలా. క్రిస్టినా ఎప్పుడో తెచ్చి పెట్టింది.

"క్రిస్టినా వేస్తుంది" అంది సుబ్బరత్నం, గ్లవ్స్ తీయబోతూ.

"నువ్వే వెయ్యి" అన్నాడు కాశిం.

సుబ్బరత్నం చేతులు కడుక్కుని వచ్చి, కవరు చించింది. కాశిం మొహం గోడ వైపు తిరగలేదు. కవరు చూశాడు, సూది చూశాడు, మందు సిరంజిలోకి ఎక్కడం చూశాడు, అది తన భుజంలో దిగడం చూశాడు. అలాగే చూడమని తనే చెప్పింది.

ఆ తర్వాత ఆవిడకు క్లినిక్కులో ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. డాక్టరమ్మ తలుపు వేసి గట్టిగానే మందలించింది. కత్తిరించే మిషను బాగయింది. కిటికీకి దోమతెర బిగించారు, కాశింకు సిరంజి సుబ్బరత్నం ఇప్పుడు కవరు చించకుండా చేతికే ఇస్తోంది. క్రిస్టినాకు ఇప్పుడు నోరు వచ్చింది. "డబ్బా దగ్గర పెట్టుకోండి మేడం" అని రోగుల ముందే అంటుంది, సుబ్బరత్నం తగ్గి పెట్టుకుంటుంది. జనానికి ఇవేమీ తెలియవు. ఇప్పటికీ "ఆవిడున్నారా?" అనే అడుగుతారు.

కానీ ఆ నెలలు ఎలా గడిచాయో ఆవిడకే తెలుసు. కాశిం కళ్ళు పచ్చబడ్డాయేమోనని రోజూ కిటికీలోంచి చూసేది. ఆయన అన్నం సరిగ్గా తినలేదని సయీదా ఎవరితోనో అంటే, ఆ రాత్రి ఈవిడకు ముద్ద దిగేది కాదు. రెండో డోసు పడింది. మధ్యలో రక్తం చూస్తే ఏమీ లేదన్నారు. ఇంకా చూడాలన్నారు.

ఆఖరి డోసు నాటికి కొత్త సంవత్సరం వచ్చి, ఎండాకాలం కూడా ముదిరింది. ముందు రోజు రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి, "అంటుకోలేదు. కాశిం గారూ, ఇక నిశ్చింతగా ఉండండి" అంది. సయీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే సుబ్బరత్నం చెయ్యి పట్టుకుంది, ఆరు నెలల తర్వాత మొదటిసారి. సుబ్బరత్నానికి గుండెల మీంచి బండ దిగింది. ఇక అంతా మునుపట్లా అయిపోతుందని ఆ క్షణం నిజంగానే అనుకుంది.

కాశిం కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సుబ్బరత్నం కవరు చించి, నీలం రంగు సూది బిగించి, మందు లాగింది. ఎదురు గోడకు ఈ ఏటి క్యాలెండరు వేలాడుతోంది.

"కొత్త క్యాలెండరు చూశారా భాయ్?" అంది ఉండబట్టలేక.

"తర్వాత చూస్తాలే చెల్లెమ్మా. ముందు నీ పని కానివ్వు" అన్నాడు కాశిం, నెమ్మదిగా, సూది మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆవిడ సూది వేసింది. అది తెల్ల డబ్బాలో పడ్డ చప్పుడు విన్నాకే ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.